మౌస్‌కు పదివేలా? ముందు మీ మానిటర్‌ చూడండి!

మా పిన్ని కొడుకు కాకినాడలో బీటెక్‌ థర్డ్‌ ఇయర్‌. వేసవిలో చేసిన ఇంటర్న్‌షిప్‌కు మొదటిసారి స్టైపెండ్‌ పడింది. పన్నెండు వేలు. ఆ రాత్రే ఫోన్‌ చేశాడు. ‘అన్నయ్యా, ఒక గేమింగ్‌ మౌస్‌ ఆఫర్‌లో తొమ్మిదిన్నర వేలకు వస్తోంది. రేపటితో ఆఫర్‌ అయిపోతుంది. కొనెయ్యనా?’ అన్నాడు. వాడి లాప్‌టాప్‌ సంగతి నాకు తెలుసు. హాస్టల్‌ వైఫై సంగతి ఇంకా బాగా తెలుసు. అందుకే ‘ఇప్పుడున్న మౌస్‌తో ఇబ్బందేంట్రా?’ అని అడిగా. కాసేపు ఆగాడు. ‘ఇబ్బందంటే... వాలరెంట్‌లో ర్యాంకు పెరగట్లేదు’ అన్నాడు.

ఇలాంటి ఫోన్‌ మీరూ ఎవరికో చేసే ఉంటారు. లేదా మీకే వచ్చి ఉంటుంది. అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మూడొందల మామూలు మౌస్‌ నుంచి పన్నెండు వందలు, రెండు వేల మధ్య దొరికే గేమింగ్‌ మౌస్‌కు మారడం డబ్బుకు తగ్గ పనే. గేమ్స్‌ ఆడకపోయినా సరే. అక్కడి నుంచి పదివేల మౌస్‌కు వెళ్లడం మాత్రం మనలో చాలామందికి దండగ. ఎందుకో చూద్దాం.

డబ్బా మీద అంకెలు

గేమింగ్‌ మౌస్‌ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది డీపీఐ. మౌస్‌ను ఒక అంగుళం కదిపితే సెన్సర్‌ ఎన్ని మెట్లు లెక్కపెడుతుందో చెప్పే అంకె అది. 26 వేల డీపీఐ అని రాసి ఉంటే ‘అబ్బో’ అనుకుంటాం. ఒకసారి లెక్క వేయండి. మీ స్క్రీన్‌ వెడల్పు 1,920 పిక్సెల్స్‌ అనుకుందాం. 800 డీపీఐ దగ్గర మౌస్‌ను దాదాపు రెండున్నర అంగుళాలు జరిపితే పాయింటర్‌ ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరుతుంది. అదే 26 వేలు పెడితే రెండు మిల్లీమీటర్లు కూడా అక్కర్లేదు. చెయ్యి కాస్త వణికితే చాలు, పాయింటర్‌ ఎక్కడికో పోతుంది. కౌంటర్‌-స్ట్రైక్‌ను వృత్తిగా ఆడేవాళ్లలో ఎక్కువమంది పెట్టుకునేది 400 లేదా 800. మరి మిగతా పాతిక వేలకు డబ్బులెందుకు?

రెండో అంకె పోలింగ్‌ రేటు. మౌస్‌ తన కదలికను సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు చెబుతుందన్నమాట. మామూలు మౌస్‌ సాధారణంగా 125 సార్లు చెబుతుంది. అంటే ప్రతి 8 మిల్లీ సెకన్లకు ఒకసారి. గేమింగ్‌ మౌస్‌ వెయ్యిసార్లు, అంటే మిల్లీ సెకనుకు ఒకసారి. ఈ తేడా మంచిదే. అయితే ఇది రెండు వేల లోపు మౌస్‌లలోనే వచ్చేస్తోంది. ఖరీదైనవి 8 వేల సార్లు అంటాయి. దాంతో అదనంగా మిగిలేది ఒక మిల్లీ సెకను కూడా కాదు. పైగా ప్రాసెసర్‌ మీద భారం పెరుగుతుంది.

ఇప్పుడు మీ టేబుల్‌ వైపు చూడండి. 60 హెర్ట్జ్‌ స్క్రీన్‌ కొత్త దృశ్యాన్ని దాదాపు 17 మిల్లీ సెకన్లకు ఒకసారి చూపిస్తుంది. హాస్టల్‌ వైఫైలో పింగ్‌ 60 నుంచి 80 మధ్య ఊగుతూ ఉంటుంది. కంటికి కనిపించాక వేలు కదలడానికి మనిషికి సుమారు 200 మిల్లీ సెకన్లు పడుతుంది. ఇంత పెద్ద లెక్కలో ఒక మిల్లీ సెకను కోసం ఎనిమిది వేలు పెట్టడమంటే, బండికి టైరు పంక్చరై ఉండగా ఖరీదైన పెట్రోల్‌ కొట్టించడమే.

డబ్బు ఎక్కడ పనిచేస్తుంది?

అలాగని మూడొందల మౌసే చాలు అని నేననను. చవక మౌస్‌ను వేగంగా విసిరినట్టు తిప్పితే సెన్సర్‌కు దారి తప్పుతుంది. పాయింటర్‌ ఒక్కసారిగా నేలకో ఆకాశానికో తిరిగిపోతుంది. షూటింగ్‌ గేమ్‌లో అంతే సంగతులు. కొన్నేళ్ల క్రితం ఖరీదైన మౌస్‌లకే పరిమితమైన స్థాయి సెన్సర్లు ఇప్పుడు బడ్జెట్‌ మౌస్‌లలోకీ దిగివచ్చాయి. చాలా బ్రాండ్ల లోపల ఉండేది తైవాన్‌ కంపెనీ పిక్స్‌ఆర్ట్‌ తయారుచేసిన సెన్సరే.

రెండోది స్విచ్‌. బటన్‌ కింద ‘టిక్‌’మనే ఆ చిన్న భాగం. అది అరిగితే ఒక్క క్లిక్‌ రెండుగా పడుతుంది. ఇది చిన్న విషయం అనుకోకండి. ఫైనలియర్‌లో మా రూమ్మేట్‌ క్యాంపస్‌ ప్లేస్‌మెంట్‌కు ఆన్‌లైన్‌ టెస్టు రాస్తున్నాడు. వెనక్కి వెళ్లే వీలులేని టెస్టు. వాడి పాత మౌస్‌ ‘నెక్ట్స్‌’ మీద ఒకసారి నొక్కితే రెండుసార్లు పడింది. ఒకటి కాదు, మూడు ప్రశ్నలు చదవకుండానే దాటిపోయాయి. తర్వాత టచ్‌ప్యాడ్‌తో ఎలాగో పూర్తిచేశాడు గానీ కటాఫ్‌ దాటలేదు. ఆ మూడు ప్రశ్నలతోనే పోయిందని చెప్పలేను. కానీ వాడు ఇప్పటికీ దాని గురించే చెబుతాడు.

ఆ రోజు నా టేబుల్‌ మీద ఆరున్నర వేల గేమింగ్‌ మౌస్‌ ఉంది. ‘ఇది పెట్టుకోరా’ అనాలని నాకు తట్టలేదు. అడగాలని వాడికీ తట్టలేదు. మా ఇద్దరి దృష్టిలో అది ‘గేమ్‌ వస్తువు’. అసలు అది నా దగ్గరికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ప్రాజెక్టుకు కావాలని అబద్ధం చెప్పి అమ్మ దగ్గర డబ్బు వేయించుకుని కొన్నా. మొదటి వారం తెగ ఆడా. రెండో నెలకు నా ర్యాంకు ఎక్కడుందో అక్కడే ఉంది. లాప్‌టాప్‌ 60 హెర్ట్జ్‌, మౌస్‌ప్యాడ్‌ స్థానంలో రికార్డు పుస్తకం అట్ట. మౌస్‌ మాత్రం ఆరున్నర వేలు!

మూడోది, డబ్బా మీద ఎవరూ రాయనిది: మీ చేతికి కుదరడం. ఉద్యోగంలో చేరాక రోజుకు తొమ్మిది గంటలు మౌస్‌ మీదే చెయ్యి. చిన్న, పల్చటి మౌస్‌ను వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని రెండేళ్లకు మణికట్టు నొప్పి తెచ్చుకున్నా. అరచేయి నిండే సైజుకు మారాక నాకు తేడా తెలిసింది. పక్కనుండే రెండు బటన్లు బ్రౌజర్‌లో వెనక్కి, ముందుకు వెళ్లడానికి పనికొస్తాయి. ఆటోక్యాడ్‌ నేర్చుకుంటున్న సివిల్‌, మెకానికల్‌ వాళ్లకు వీల్‌ ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. జూమ్‌ చేయాలన్నా, డ్రాయింగ్‌ను జరపాలన్నా దాని మీదే వేలు.

పదివేలది ఎవరికి?

‘మరి ప్రొఫెషనల్స్‌ అందరూ ఖరీదైనవే వాడుతున్నారు కదా’ అంటారు. నిజమే. 60 గ్రాముల లోపు బరువు, వైర్‌ లేకున్నా ఆలస్యం లేకపోవడం గంటల తరబడి ఆడేవాళ్లకు చేతిలో తెలుస్తాయి. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలిచ్చారు. ఆ దారిలో సీరియస్‌గా ఉండి, 144 హెర్ట్జ్‌ మానిటర్‌, కేబుల్‌ ఇంటర్నెట్‌ ఇప్పటికే సమకూర్చుకుని, టోర్నమెంట్లు ఆడుతున్నవారైతే కొనుక్కోండి. అది మీ పనిముట్టు. బీజీఎంఐ ఒక్కటే ఆడేవారైతే అసలు మౌస్‌ ఊసే వద్దు. అది ఫోన్‌ గేమ్‌.

మిగతా వాళ్లు డబ్బు తీసేముందు రెండు పనులు చేయండి. విండోస్‌ మౌస్‌ సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్‌ పాయింటర్‌ ప్రెసిషన్‌’ దగ్గర టిక్‌ తీసేయండి. అది ఉంటే చెయ్యి కదిలే వేగాన్ని బట్టి పాయింటర్‌ ప్రయాణించే దూరం మారిపోతుంది. గురి కుదరదు. తర్వాత మూడు, నాలుగొందలు పెట్టి పెద్ద క్లాత్‌ మౌస్‌ప్యాడ్‌ తీసుకోండి. రెండు వారాలు ఆడి చూడండి. అప్పటికీ మౌసే అడ్డం అనిపిస్తే, ఆన్‌లైన్‌లో నొక్కేయకుండా దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. హైదరాబాద్‌ వాళ్లకు సికింద్రాబాద్‌ సీటీసీ ఉండనే ఉంది. బిల్లు, వారంటీ కార్డు మాత్రం మర్చిపోవద్దు.

మా తమ్ముడికీ ఇదే చెప్పా. ‘అంటే వద్దంటావా?’ అన్నాడు కాస్త నీరసంగా. ‘వద్దనట్లేదురా. పదిహేను వందలది కొను. ఇంకో పదిహేను వందలు పెట్టి అమ్మకు చీర కొను. మొదటి సంపాదన కదా. మిగతాది దాచి మానిటర్‌ కొన్నాక మళ్లీ ఫోన్‌ చెయ్‌’ అన్నా. ఆఫర్‌ ఆ మర్నాటితో అయిపోయింది. పది రోజుల తర్వాత చూస్తే అదే ధరకు మళ్లీ కనిపించిందట. ఆ విషయం చెప్పడానికే ఫోన్‌ చేశాడు, నవ్వుతూ.