పని బండ్లకు తొట్టి కట్టించుట: సంఘములు ముందుగా యోచింపవలసిన సంగతి

పెదకాకాని మల్లేశ్వరస్వామివారి దేవాలయము నొద్దకు పూజకై వచ్చు క్రొత్త వాహనములను మన రైతు సోదరు లెల్లరు నెఱుగుదురు. అచ్చట అందరును చూచునది బండి మెఱుగు, కంపెనీ పేరు. వెనుక కట్టిన తొట్టి యే పనికి కట్టబడినదని యడుగువారు మిక్కిలి యరుదు. సరకు మోయునదియు, కూలివాని నడుము కాచునదియు, లేక విఱుచునదియు ఆ తొట్టియే కదా! సంఘముల పక్షమున నాలుగైదు బండ్లు ఒక్కసారిగా కొనుట, అందును ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారుగూడ గల హైబ్రిడ్ బండ్లు కొనుట మేలా యని సభ్యులు కొందఱు మమ్ము అడుగుచున్నారు. బండి మాటకంటె ముందు తొట్టి మాట తేలవలయునని మా యభిప్రాయము.

ఒక్క పనికై వేల బండ్లకు ఒకే తీరున పెట్టెలు కట్టించిన యుదాహరణము మన రాష్ట్రముననే కలదు. 2021 జనవరి 21న విజయవాడలో ఇంటింటికి రేషను సరకు లందించు 9,260 వాహనములు ప్రారంభింపబడెను. చిన్న బండి చాసిస్‌పై బియ్యము బస్తాల కొక చోటు, కాటా కొక చోటు అమర్చిరి. బండి యొక్కింటి వెల 5,81,000 రూపాయలు; అందు 60 పాళ్లు ప్రభుత్వ సబ్సిడీ, మిగిలినది బ్యాంకు అప్పును, నడుపువాని వాటాయును. 2025 జూన్ 1 నుండి ఆ పద్ధతి ఆగి, సరకులు మరల చౌకదుకాణములలోనే యిచ్చుట మొదలయ్యెను. ఆ విధానము మంచిదా చెడ్డదా యను తగవు మనకు వలదు. పథకము ముగిసిననాడు దానికొఱకే కట్టిన పెట్టె మఱి దేనికి పనికివచ్చును? అప్పు తీర్చవలసినవాడు ఈ ప్రశ్నను బండి కొననప్పుడే వేసికొనవలయును.

రెండవ యుదాహరణము పశువైద్యపు బండ్లది. 2022 మే 19న 175, 2023 జనవరిలో 165, వెరసి 340 సంచార పశువైద్య వాహనములు వీధిని పడెను. 1962 అను నంబరునకు ఫోను చేసిన వచ్చు నా బండిలో చిన్న పరీక్షశాల యున్నది. వెనుకనున్న హైడ్రాలిక్ లిఫ్ట్ వేయి కిలోల బరువు గల పశువునైనను పైకెత్తును. పడిపోయిన గేదెను పదిమంది పట్టి లేపుట యెంత కష్టమో యెఱిగిన రైతునకు ఆ లిఫ్ట్ విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. పనిని చూచి కట్టిన తొట్టి యన నట్లుండవలయును.

ఇక హైబ్రిడ్ సంగతి. అమెరికాలో విద్యుత్తు కంపెనీలు స్తంభములపై పనిచేయు లారీలను ఈ తీరున చేయించి చూచినవి. ఆ లారీలు నడచు కాలముకంటె ఒకచోట నిలిచి పనిచేయు కాలము హెచ్చు. పైకెత్తు బుట్టకై దినమంతయు ఇంజను మ్రోగుచుండ, కదలకయే చమురు కాలిపోవుచుండెడిది. బ్యాటరీతో ఆ బుట్ట నెత్తించినందున ఇంజనునకు విరామము కలిగెను. హైబ్రిడ్ లాభమంతయు ఆగుచు పోవు బండికిని, నిలిచి పనిచేయు బండికిని గాని, జాతీయ రహదారిపై ఒకే వేగమున పోవు లారీకి అంతగా లేదు. గ్రామము నుండి గుంటూరు యార్డునకు సరకు తోలుటయే పనియైన, అధిక ధర పెట్టుట దండుగ యని మేము నిస్సంశయముగా చెప్పుదుము. కల్లము కల్లమున కాగి, కాటా వేసి, లిఫ్ట్‌తో బస్తా లెత్తి, రాత్రివేళ దీపము పెట్టి పనిచేయునదైన లెక్క వేఱు.

ఆ లెక్కలో బరువును మఱువరాదు. బండి మొత్తము బరువునకు చట్టము హద్దు పెట్టినది. తొట్టి యెంత బరువైన సరకు అంత తగ్గును. మిర్చి టిక్కీ యొక్కటి నలుబది, నలుబదియైదు కిలోలు తూగును. తొట్టిలో 90 కిలోల ఇనుము అనవసరముగా చేరెనా, ప్రతి తోలుడునకు రెండు టిక్కీలు ఇంటనే నిలిచిపోవును. లిఫ్ట్, బ్యాటరీ బరువులుగూడ ఇందు చేరును.

మన సరకుల గుణమును గూడ తొట్టి యెఱిగియుండవలయును. మిర్చికి గాలి యాడవలయును, మంచు తగులరాదు; పక్కలు కటకటాలుగా నుండి పైన పట్టా కట్టుటకు కొక్కెము లుండుట మేలు. పత్తి తేలిక, చోటు హెచ్చు. నిప్పురవ్వకు భయపడవలసిన సరకు. పొగగొట్టపు వేడి బోరెములకు తగులకుండ అడుగున రేకు అడ్డు తప్పదు. పురుగుమందు డబ్బాలకు వేఱు గది, నీటితో కడిగి ఆరబెట్టుటకు వీలైనది, ఉండితీరవలయును. ప్రొద్దున పురుగుమందు మోసిన పలకపై సాయంత్రము దాణాబస్తా వేయుట మేము చూచిన సంగతియే. ఊరి పేరు చెప్పము.

వీటి నన్నింటిని బోల్టులతో బిగింపవలెను గాని వెల్డింగుతో అతుకరాదు. మిర్చి కాలము ముగిసినచో కటకటాలు దింపి ఎరువు తోలుకొనవచ్చును.

విజయవాడ ఆటోనగర్ లారీ బాడీలకు పేరుపొందినది. అచ్చటి పనివారి చేతినేర్పుపై మాకు గౌరవము కలదు. అయినను హైబ్రిడ్ బండి పాత లారీ కాదు. నారింజరంగు తొడుగు గల తీగెలలో ప్రాణాపాయకరమైన కరెంటుండును. వాని దాపున రంధ్రము చేయరాదు. చాసిస్‌పై వెల్డింగు చేయుటకు ముందు కంపెనీ చెప్పిన రీతిని బ్యాటరీని విడదీయవలయును. రిజిస్టరయిన బండిని మార్చదలచిన 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ననుసరించి రవాణాధికారుల యనుమతి కావలయును. అది లేక ప్రమాదము జరిగినచో భీమా సొమ్మునకు చిక్కు వచ్చును. అప్పుడు నష్టము సంఘముది, అనగా సభ్యులదే.

గావున నాలుగు బండ్లకు ఒకేసారి బయానా ఈయక, ముందొక బండికి తొట్టి కట్టించి మిర్చి కాలమంతయు నడిపి చూడవలెనని మా సలహా. ఎన్ని గంటలు నడచెను, ఎన్ని గంటలు నిలిచి పనిచేసెను, ఎన్ని లీటర్ల చమురు కాలెనని డ్రైవరు పుస్తకమున వ్రాయవలెను. తొట్టి కొలతలు తేల్చు దినమున అధ్యక్షులు, కార్యదర్శియే గాక ముఠామేస్త్రిగూడ అచ్చట నుండవలయును. నిండు టిక్కీని ఆతని భుజమున పెట్టి, తొట్టి యెత్తు ఆతనికే సరిపోవునో లేదో సుద్దతో గీత గీయింపవలయును.