శూన్యం చేసే సాయం

18 ఏళ్ళుగా కాలేజీలో సంధులూ సమాసాలూ చెప్పుకుంటున్న మనిషికి కారు బ్రేకు గురించి వ్రాసే అధికారం ఎక్కడిదని మీరడగవచ్చు. అధికారం లేదు; అనుభవం ఉంది. అందులో తప్పంతా నాదే కనుక చెప్పుకుంటే ఎవరూ నొచ్చుకోరు.

మా కాపురం సబ్బవరం. 2022లో మా ఊరు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గాని, చదువుకీ వైద్యానికీ పెళ్ళిబట్టలకీ మాకు ఇప్పటికీ విశాఖే దిక్కు. అనకాపల్లి నుంచి ఆనందపురం పోయే ఆరు వరసల రహదారి మా మీదుగానే వెళుతుంది. దాని మీద పగలూ రాత్రీ లారీలే. ఇలాంటి ఊళ్ళో కారున్నవాడికి పరుగుకంటే ఆగడం ముఖ్యం.

మా పెట్రోలు కారుకి పన్నెండేళ్ళు. దాన్ని నాకంటే మా ఆవిడే ఎక్కువ నడుపుతుంది. ఒకరోజు ఇంటికొస్తూనే, “ఏమండీ, బ్రేకు గట్టిపడ్డట్టుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను కూడా వణుకుతోంది” అంది. నేను జవాబు పత్రాలు దిద్దుతున్నాను. తలెత్తకుండానే, “కాస్త గట్టిగా తొక్కు. నీ కాలికి బలం చాలక అలా అనిపిస్తోంది” అన్నాను. ఆమె రెండు సంగతులు చెబితే, వాటికి సంబంధమేమిటో ఆలోచించకుండా మూడోది సొంతంగా కల్పించాను. ఇదే పని విద్యార్థి చేస్తే సున్నా వేసేవాణ్ణి.

పదిరోజుల తర్వాత, ఒక శనివారం, మా అమ్మని తీసుకుని సింహాచలం వెళ్ళాం. ఆ రోజు నేనే నడిపాను. కొండ ఎక్కేటప్పుడు బ్రేకుతో పెద్ద పని పడలేదు. దర్శనమైంది, ప్రసాదం తీసుకున్నాం, దిగడం మొదలుపెట్టాం. రెండో మలుపు దగ్గర ముందు బస్సు ఆగింది. నేను బ్రేకు తొక్కాను. పెడలు గోడలా నిలబడింది! కారు మాత్రం నిలబడలేదు. రెండో కాలు కూడా వేసి, సీటుకి వీపు ఆనించి తొక్కాను. గేరు తగ్గించి, చేతి బ్రేకు కొద్దికొద్దిగా లాగాను. బస్సుకి మూరెడు దూరంలో ఆగాం. వెనక సీటులో అమ్మ “అప్పన్నా!” అంది. మా ఆవిడ ఏమీ అనలేదు.

చక్రాలకి రాళ్ళు పెట్టి, ఆడవాళ్ళిద్దరినీ బస్సులో కిందికి పంపించి, మా ఊరి మెకానిక్కుకి ఫోను చేశాను. గంటలో మోటారు సైకిలు మీద వచ్చాడు.

“ఏటైనాది మేష్టారూ?” అన్నాడు.

చెప్పాను. అతను ఇంజను ఆపే ఉంచి పెడలుని ఐదారుసార్లు తొక్కాడు. ఆఖరి తొక్కుడు మీద పాదం అలాగే ఉంచి ఇంజను వేశాడు. “బాగున్న బండికైతే ఇప్పుడు పెడలు కాలి కింద కొంచెం దిగాలండి. ఇది దిగలేదు. మీ కాలిది తప్పు కాదు” అన్నాడు. ఆ మాట నేను పదిరోజుల క్రితం ఇంకొకరితో అనవలసింది.

అతను చెప్పింది నాకర్థమైనంతవరకూ ఇది. పెడలు వెనక, ఇంజను గదిలో, డప్పులాంటి గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని బూస్టరంటారు. అందులో రబ్బరు పొర అడ్డుగా రెండు గదులు. ఇంజను ఒక గొట్టం ద్వారా ఆ గదుల్లోని గాలిని పీల్చేస్తుంది. మనం పెడలు తొక్కగానే పెడలు వైపు గదిలోకి బయటి గాలి జొరబడి, పొరని ముందుకి తోస్తుంది. గాలి బరువు చదరపు సెంటీమీటరుకి సుమారు ఒక కిలో. పొర వెడల్పు 20 సెంటీమీటర్లనుకుంటే, అవతలి గదిలో మూడింట రెండువంతుల శూన్యమున్నా 200 కిలోల తోపు మన కాలికి తోడవుతుంది. ఇన్నేళ్ళూ కారుని ఆపింది నా కాలేననుకున్నాను. ఆపింది ఆ శూన్యం.

మా కారులో ఆ గొట్టం ఇంజను దగ్గరి చివర వేడికి ఎండి పగిలింది. అక్కణ్ణుంచి దొంగగాలి ఇంజనులోకి పోతోంది కనుక ఇంజను వణికింది. డబ్బాలో శూన్యం నిలవడంలేదు కనుక పెడలు బిగిసింది. మా ఆవిడ చెప్పిన రెండు సంగతులకీ కారణం ఒక్కటే!

అతను పగిలిన రెండంగుళాలూ కోసి, మిగిలిన గొట్టాన్ని బిగించి, మళ్ళీ అదే పరీక్ష చేశాడు. పెడలు మెత్తగా దిగింది. మర్నాడు కొత్త గొట్టం వేశాడు. దానితోపాటు ఉండే చిన్న వాల్వుని నోటితో ఊది చూపించాడు: డబ్బా వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజను వైపు నుంచి పోకూడదు. డీజిలు బండికైతే ఈ పీల్పుకి వేరే పంపు ఉంటుందట, దాన్నీ చూసుకోవాలి. ఇవన్నీ బాగుండీ పెడలు దిగకపోతే బూస్టరే మార్చాలి.

ఈ పరీక్ష మీరూ చేయవచ్చు. బండి చదునునేల మీద ఉండాలి, చేతి బ్రేకు వేసి ఉండాలి. మరొక్క మాట. పెట్రోలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపేవాళ్ళున్నారు. ఇంజను ఆగితే డబ్బాలో మిగిలే శూన్యం రెండు మూడు తొక్కుళ్ళకే సరి. ఆ తర్వాత మీ కాలే మీకు దిక్కు.

ఆ రాత్రి భోజనాల దగ్గర గొట్టం కథంతా మా ఆవిడకి వివరంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, మజ్జిగ పోస్తూ అడిగింది:

“ఇంతకీ కొండ మీద మీ రెండు కాళ్ళకీ బలం చాలిందాండీ?”