అంబాసిడర్‌ని తూకానికి అమ్మవద్దు

పాత కారనగానే మనలో చాలామందికి రాజుల కార్లే గుర్తొస్తాయి. ఆరవ నిజాం కోసం తయారైన రోల్స్‌రాయిస్ గురించి పత్రికలు బొమ్మలు వేసి మరీ రాస్తాయి. మంచిదే! కానీ మన పల్లెల దుమ్ము తిన్న కారు ఏది? పెళ్ళికొడుకుని ఊరేగించింది, పురిటినొప్పుల మనిషిని అర్ధరాత్రి టౌను ఆసుపత్రికి చేర్చింది, ఎలక్షన్లకి మైకు కట్టించుకుని తిరిగింది అంబాసిడరు కాదా?

ఇంగ్లండు కారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో, హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దీని తయారీ మొదలుపెట్టి 2014 మేలో ఆపేశారు. అర్ధశతాబ్దం దాటినా దాని రూపం పెద్దగా మారలేదని వెక్కిరించేవారున్నారు. పోటీ లేని రోజుల్లో కొనేవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాటా నిజమే. అయితే అలా మారకపోవడం వల్లనే దాని గుట్టు తెలిసిన మెకానిక్ ప్రతి టౌనులోనూ తయారయ్యాడు.

మాది వ్యవసాయ కుటుంబం. తాతయ్య సెకండ్‌హాండులో కొన్న అంబాసిడరు మా పశువుల కొట్టం పక్కన ఉంది. బెర్నౌలీ సూత్రం క్లాసులో చదివాను గానీ, నాకు బోధపడింది మాత్రం దాని కార్బురేటర్ విప్పిననాడే. “చూడబ్బాయ్, గాలి ఇరుకులో పడితే పరిగెడుతుంది. ఆ పరుగులో పెట్రోలుని లాక్కుపోతుంది” అన్నాడు మెకానిక్ బాబాయి. ఆయన చదువు ఏడో తరగతి! డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు విడగానే కాయిల్లో కరెంటు చటుక్కున ఆగి, 12 వోల్టుల బ్యాటరీ నుంచే వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. ఫారడే చెప్పింది అదే కదా! ఇప్పటి కార్లలో ఈ పనులన్నీ ఎలక్ట్రానిక్ పెట్టె చూసుకుంటుంది. బానెట్ ఎత్తినా కంటికి ఏమీ కనపడదు.

పాత బళ్ళు పొగ చిమ్ముతాయి, పెట్రోలు తాగుతాయి, ఎయిర్‌బ్యాగులు లేవు. కాదనను. వాటిని రోడ్డు మీద తిప్పమని నేననడం లేదు. 50 ఏళ్ళు దాటిన బళ్ళని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. కొత్త నమోదుకి రుసుము 20,000 రూపాయలు. ఆ ముచ్చట ఉన్నవాళ్ళకి చెల్లుతుంది, రైతుకి ఎక్కడ? మా నాన్నగారు పాత ఇనుము వాళ్ళతో బేరమాడుతున్నారు. ఎరువుల బాకీ ముందు నడవని కారు ఎంత? ఆయన్ని నేనేమీ అనలేను.

అందుకే యూనియన్ మిత్రులకీ, ఫిజిక్స్ లెక్చరర్లకీ, పాత విద్యార్థులకీ నా మనవి. అలా తూకానికి పోయే ఇంజన్లలో ఒక్కటి కొని మన లాబొరేటరీలో పెడదాం. దాన్ని విప్పి బిగించడం నేర్పడానికి ఏడాదికి రెండు రోజులు ఒక పాతకాలపు మెకానిక్‌ని గౌరవంగా పిలిచి, సంభావన ఇచ్చి, పాఠం చెప్పించుకుందాం. ఇంజను ఇవాళ కాకపోతే రేపైనా దొరకవచ్చు. మా మెకానిక్ బాబాయికి డెబ్బై దాటాయి, ఆయన షెడ్డులో శిష్యుడన్నవాడు ఒక్కడూ లేడు.