వత్తు దిద్ది వాక్యం వదిలేశారు

ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి జయంతి నాడు, విజయవాడలో ఏ తెలుగు సభకు వెళ్లినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. పిల్లలకు నాలుగు ముక్కలు తప్పు లేకుండా రాయడం చేతకావడం లేదు, వత్తు ఎక్కడ పెట్టాలో తెలీదు, దీర్ఘం ఎక్కడ తియ్యాలో తెలీదు, కాబట్టి పూర్వంలా ప్రతి తప్పునూ ఎర్ర సిరాతో దిద్దాలి, సంధులూ సమాసాలూ వల్లె వేయించాలి. వేదిక మీది పెద్దలు ఇలా చెబుతారు, కింద కూర్చున్న ఉపాధ్యాయులు ఔనంటారు, ఇంటికెళ్లాక తల్లిదండ్రులు పిల్లల నోటు పుస్తకం తెరిచి అదే మాట అంటారు. ఈ అభిప్రాయం తప్పు. పిల్లల రాతలో లోపం లేదని నేను అనడం లేదు. ఉంది, పైకి కనిపించే దానికన్నా లోతుగా ఉంది. మనం దిద్దుతున్నది మాత్రం దాన్ని కాదు.

ఎర్ర సిరా ఎక్కడ పడుతుందో చూడండి. ‘భాద’, ‘విధ్యార్థి’, ‘సందర్బం’, ‘విషేషం’, ‘ఉపాద్యాయుడు’. ఇవి తప్పులే, సరిచేసుకోవాల్సినవే. కాని ఎందుకు వస్తున్నాయి? మనలో చాలామంది నోట బకీ భకీ, దకీ ధకీ తేడా పలకదు. శ, ష, స కలిసిపోతాయి. చెవికి తేడా వినపడనప్పుడు పిల్లవాడు కంటి జ్ఞాపకం మీద ఆధారపడి రాయాలి. ఆ మాటను అచ్చులో పదే పదే చూస్తేనే ఆ జ్ఞాపకం నిలుస్తుంది. చదివే అలవాటున్న పిల్లలకు వత్తులు వాటంతటవే కుదురుకుంటాయి. ఆ అలవాటు లేని పిల్లవాడి పుస్తకంలో ఎన్ని సున్నాలు చుట్టినా వచ్చే వారం మళ్లీ ‘భాద’ అనే రాస్తాడు. 1947లో మొదలైన ‘చందమామ’ ఏ సూత్రమూ చెప్పకుండానే ఎందరో పిల్లలకు ఈ మేలు చేసింది.

ఇక ఎర్ర సిరా పడని చోటు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం నీట మునిగాయి. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. ఆ నీళ్లను కళ్లారా చూసిన పిల్లలను దాని గురించి రాయమంటే వచ్చే వాక్యం ఈ తీరుగా ఉంటుంది: ‘మా వీధిలోకి బుడమేరు నీరు వచ్చి, మేము మేడ మీదకు వెళ్లి, అధికారుల ద్వారా పడవలు ఏర్పాటు చేయబడి, ఆహార పొట్లాలు పంపిణీ చేయడం జరిగింది.’ ఇది నేను కూర్చిన నమూనా. కాని తెలుగు పంతుళ్లెవరైనా ఇలాంటివి నిత్యం చూస్తారు. ఇందులో వత్తు తప్పు ఒక్కటీ లేదు, దీర్ఘం తప్పు లేదు. అందుకే ఎర్ర సిరా దీన్ని తాకకుండా దాటిపోతుంది, పక్కన టిక్కు కూడా పడుతుంది.

ఈ వాక్యం నిలబడదు. ‘వచ్చి’ అన్నది నీళ్ల పని, ‘వెళ్లి’ అన్నది మా పని, ‘చేయబడి’ అన్నది అధికారుల పని, చివరి ‘జరిగింది’కి చేసినవాళ్లే లేరు. ‘రాము అన్నం తిని బడికి వెళ్లాడు’ అని మన బడిపుస్తకాలు సంక్లిష్ట వాక్యం నేర్పుతాయి. తిన్నదీ వెళ్లిందీ రామూయే కనుక ఆ ‘తిని’ అక్కడ కుదిరింది. ఈ సూత్రానికి వాడుకలో మినహాయింపూ ఉంది. ‘వాన పడి గోడ కూలింది’ అంటాం. పడింది వాన, కూలింది గోడ. అయినా తప్పు కాదు, ఎందుకంటే ఒకటి రెండోదానికి కారణం. అందుకే ‘నీళ్లు వచ్చి ఇల్లు మునిగింది’ అంటే సరిపోతుంది. ‘మేం మేడ ఎక్కి అధికారులు పడవలు పంపారు’ అంటే సరిపోదు, అక్కడ ‘ఎక్కాక’ అనాలి. ఈ తేడా చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. కాని ఆ అయిదు నిమిషాలు వ్యాసం దిద్దే వేళ దొరకవు, భాషాంశాల పీరియడ్‌లో దొరికినా అవి రాము అన్నం తినడంతోనే ఆగిపోతాయి. పాఠంలోని సూత్రం పిల్లవాడు రాసిన పేజీ దాకా రాదు.

అదే పిల్లవాణ్ణి వరద గురించి నోటితో చెప్పమనండి. ‘నీళ్లొచ్చేశాయండి, మేం మేడెక్కేశాం, తర్వాత పడవ వచ్చింది, పొట్లాలిచ్చారు’ అంటాడు. ఒక్క తప్పు లేదు. ఏ క్రియకు ఎవరు కర్తో తేటగా తెలుస్తోంది. కర్త చెప్పనక్కర్లేని చోట వదిలేయడం కూడా అతనికి తెలుసు: ‘పొట్లాలిచ్చారు’. అంటే వ్యాకరణం రాని పిల్లవాడు కాదు. అతని నోట ఉన్న వ్యాకరణం కాగితం మీదికి వచ్చేసరికి చెడిపోతోంది. చెడగొట్టింది ఎవరన్నది అసలు ప్రశ్న.

మనమే. బడిలో కర్తరి వాక్యాన్ని కర్మణిగా మార్చమంటాం. ‘రాముడు రావణుని చంపెను’ అన్నదాన్ని ‘రావణుడు రామునిచే చంపబడెను’ అని మారిస్తే మార్కు వేస్తాం. ఏ తెలుగింట్లోనైనా ‘అన్నం నాచే తినబడింది’ అనేవాళ్లున్నారా? ఖరీఫ్ మొదలయ్యే వేళ బందరు కాలువ గట్టున రైతు ‘నీళ్లు వదిలారా?’ అని అడుగుతాడు. వదిలింది ఎవరో చెప్పకుండానే ఆ మాట పూర్తవుతుంది, అది తెలుగు వాక్యానికి సహజమైన సదుపాయం. ఆ సదుపాయాన్ని పిల్లలకు ఎత్తిచూపాల్సింది పోయి ‘నీరు విడుదల చేయబడినది’ అని రాయడం నేర్పుతున్నాం. బడిపుస్తకం దాటితే ఆఫీసు కాగితాలు, కరపత్రాలు, ప్రకటనలు, వార్తలు, అన్నిటా ‘నిర్వహించడం జరిగింది’, ‘తెలియజేయడమైనది’, ‘ఈ యొక్క కార్యక్రమం’. 2020-21 నుంచి మన ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఎదురెదురు పేజీలు కుదరాలంటే తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యం వెంట నడవాల్సి వస్తుంది. సైన్సుకీ సోషలుకీ అదే పేజీ చదివిన పిల్లవాడు తెలుగు పరీక్షలో మాత్రం వేరే వాక్యం ఎక్కడి నుంచి తెస్తాడు?

పిల్లలకు రాయడం రాదంటూ వేదిక మీద చేసే ఫిర్యాదు కూడా చాలాసార్లు ఇదే లోపంతో ఉంటుంది: ‘విద్యార్థుల యొక్క భాషా నైపుణ్యాలు దిగజారిపోవడం జరుగుతోంది.’ వాడుక భాష కోసం పోరాడిన గిడుగు ఈ సంగతినే ఎత్తిచూపారు. వందేళ్ల కిందట స్కూల్ ఫైనల్ వ్యాసరచనలో ఏ తెలుగు రాయాలన్న వివాదం రేగినప్పుడు వాడుక భాష తప్పుల తడక అని పండితులు వాదించారు. ఆయన ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో ఆ పండితుల గ్రాంథిక రచనలనే తీసుకుని, వారు నమ్మిన వ్యాకరణం ప్రకారమే అందులో ఎన్ని తప్పులున్నాయో చూపించారు. ఆయన ప్రశ్న సూటిగా ఉంది: జీవితమంతా చదివిన పండితులే తప్పు లేకుండా రాయలేని భాషను పిల్లల చేత రాయించి, రాలేదని వాళ్లను ఫెయిల్ చేయడం ఏం న్యాయం? ఆయన జయంతి నాడే పిల్లల మీద నేరం మోపుతున్నాం. మోపేవాళ్లు ముందు తమ ఆహ్వానపత్రంలోని వాక్యాలు సరిచూసుకోవాలి.

కృష్ణా డెల్టావాళ్లకు మరో దురభిప్రాయం ఉంది: మనం మాట్లాడేదే మంచి తెలుగు, తక్కినవాళ్లది తప్పు తెలుగు. నేటి పత్రికల తెలుగుకు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్నవారి మాట ఆధారమైన మాట నిజమే. విజయవాడలో 1960లో మొదలైన ‘ఆంధ్రజ్యోతి’, దాని తొలి సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు, ఇక్కడి ఇతర పత్రికలు, ఏలూరు రోడ్డు ప్రచురణకర్తలు దాన్ని ఊరూరా చేర్చిన మాటా నిజమే. ఇది అచ్చుయంత్రాలు, డబ్బు, చదువు ఇక్కడ చేరడం వల్ల వచ్చిన ఆధిక్యం. ఇక్కడి పిల్లల తెలివి వల్ల వచ్చింది కాదు. ఆటోనగర్‌లో పనికి శ్రీకాకుళం నుంచో కడప నుంచో వచ్చిన కుటుంబంలోని అమ్మాయి ‘మా నాన్న నిన్న వచ్చినాడు’ అని రాస్తే కొట్టేసి ‘వచ్చాడు’ అని దిద్దుతాం. ‘వచ్చినాడు’ తప్పెలా అవుతుంది? మన ‘వచ్చాడు’కు అదే పాత రూపం. మన పిల్లలు ‘ఎట్టా’, ‘ఇయ్యాల’ అని రాస్తే నవ్వి ఊరుకుంటాం. ఎర్ర గీత పడగానే ఆ అమ్మాయికి అర్థమయ్యేది ఒకటే: తన ఇంట్లో మాట్లాడేది తప్పు. ఆపైన ఆమె ఇంటి మాట మానేసి గైడులోని మాట రాస్తుంది. పరీక్షలో, పత్రికలో ఏ రూపం వాడతారో ఆమెకు తప్పకుండా చెప్పాలి. ‘మీ మాటా సరైనదే, ఇక్కడ ఇలా రాద్దాం’ అని చెప్పాలి. అది నేర్పడం. కొట్టేయడం నేర్పడం కాదు.

గైడు అన్నాను కనుక, అసలు నష్టం అక్కడే ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ పేరుతో సొంత మాటల్లో రాయాల్సిన ప్రశ్నలున్నాయి. వాటికి కూడా గైడుల్లో తయారు జవాబులున్నాయి. కంఠతా పట్టి రాసిన జవాబులో వత్తు తప్పు ఉండదు, ఎర్ర సిరా పడదు, మార్కులు నిండుగా వస్తాయి. సొంతంగా రాసినవాడి పేజీ ఎర్రబడుతుంది. రెండు మూడు పరీక్షలు గడిచేసరికి పిల్లలు గ్రహిస్తారు, సొంత వాక్యం రాయడం ప్రమాదమని. ప్రతి తప్పునూ దిద్దాలన్న పట్టుదల చివరికి తప్పులు లేని, రాతే లేని పిల్లలను తయారు చేస్తోంది. ఇంటర్లో మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకునే పిల్లల్లో ఎక్కువమంది సంస్కృతం మీద ప్రేమతో వెళ్లడం లేదు. వాళ్లను తెలుగు రాతకు దూరం చేసింది ఈ భయం కూడా.

సంధులు సమాసాలు వల్లె వేస్తే రాత బాగుపడుతుందన్న నమ్మకం మనకే కాదు, ఇంగ్లీషు దేశాల్లోనూ ఉండేది. అమెరికాలోని ఇంగ్లీషు ఉపాధ్యాయుల జాతీయ మండలి 1963లో ప్రచురించిన నివేదిక దాన్ని తోసిపుచ్చింది. సూత్రాలు విడిగా బోధించడం వల్ల రాతకు ఒరిగేది దాదాపు లేదని, రాసే సమయాన్ని అది మింగేస్తుంది గనుక హాని కూడా చేయవచ్చని చెప్పింది. న్యూయార్క్ సిటీ కాలేజీలో పేద కుటుంబాల నుంచి కొత్తగా చేరిన విద్యార్థుల ప్రవేశ వ్యాసాలను సుమారు నాలుగు వేలు చదివి మీనా షాఘ్నెస్సీ 1977లో పుస్తకం రాశారు. ఆ తప్పులు నిర్లక్ష్యం వల్ల వచ్చినవి కావు, ప్రతిదాని వెనకా ఆ విద్యార్థి ఊహించుకున్న ఓ సూత్రం ఉంటుంది అన్నది ఆమె కనుగొన్న విషయం. తెలుగు పిల్లలకూ ఇది వర్తిస్తుంది. ‘బడు’ చేరిస్తే గౌరవంగా ఉంటుందని, వాక్యం పొడవైతే బాగా రాసినట్టని పిల్లలు ఊహించుకున్నారు. అది మనల్ని చూసి నేర్చుకున్న సూత్రం.

మరి దిద్దకపోతే తప్పులు పాతుకుపోవా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. దిద్దొద్దని నేను అనడం లేదు, పిల్లల చేత దిద్దించమంటున్నాను. రిచర్డ్ హాస్వెల్ అనే అమెరికన్ అధ్యాపకుడు 1983లో తన పద్ధతిని వివరించారు. చిన్న తప్పు ఉన్న పంక్తి పక్కన ఒక గుర్తు మాత్రం పెట్టి పుస్తకం తిరిగి ఇచ్చేవారు, తప్పేమిటో చెప్పేవారు కాదు. విద్యార్థులు అందులో సగానికి పైగా తప్పులు తామే కనిపెట్టి సరిచేశారు. పంతులు కలానికి మిగిలిన వేళ వాక్యాల మీదికి మళ్లింది. నాలుగు సెక్షన్ల పుస్తకాలు సంచిలో మోసుకెళ్లే మన మాస్టార్లకు ఇంతకన్నా అక్కరకొచ్చే పద్ధతి ఏముంది?

అర్థమైతే చాలు, వాక్యంతో పనేమిటి అనే మరో వర్గం ఉంది. వాళ్లకు డెల్టా నుంచే జవాబు చెబుతాను. పామర్రు పక్క పల్లెలో కౌలు రైతు ధాన్యం డబ్బు అందలేదని అర్జీ పెట్టుకోవాలంటే రాసేది పదో తరగతి చదివే కూతురు. ఆమె ‘ధాన్యం కొనుగోలు చేయబడి సొమ్ము చెల్లించడం జరగలేదు’ అని రాస్తే ఆ కాగితం మీద బాధ్యులెవరూ ఉండరు. ఎవరు కొన్నారు, ఏ రోజు, ఎన్ని బస్తాలు, ఎవరు చెల్లించాలి? ‘ఫలానా తేదీన ఫలానా కేంద్రంవారు మా నాన్న దగ్గర ధాన్యం కొన్నారు, ఇంకా డబ్బు ఇవ్వలేదు’ అని రాస్తే ఆ అర్జీకి జవాబు చెప్పాల్సినవాళ్లు కనబడతారు. కర్త లేని వాక్యం ఆఫీసులకు అనువైనది, అర్జీదారుకు కాదు. ఈ ఒక్క సంగతి నేర్పకుండా బడి ఎన్ని సమాసాల పేర్లు చెప్పించినా ఆ అమ్మాయికి తెలుగు నేర్పినట్టు కాదు.

తెలుగు వాక్యం ఎలా అల్లుకుంటుందో భాషాశాస్త్రవేత్త చేకూరి రామారావు 1975లోనే ‘తెలుగు వాక్యం’లో విడమరిచి చెప్పారు. పిల్లలకు ఆ పరిభాష అక్కర్లేదు, అది చదివిన ఉపాధ్యాయులు కావాలి.

తెలుగు మాస్టార్లకూ టీచరమ్మలకూ నా విన్నపం. వచ్చే యూనిట్ పరీక్షకు ముందు ఒక్కసారి వ్యాసం కాకుండా జరిగిన సంగతి రాయించండి: బుడమేరు వరద, ఊళ్లో తిరనాళ్ల, ఇంట్లో పెళ్లి, ఏదైనా సరే, గైడులో లేనిది. వత్తు తప్పులున్న పంక్తి పక్కన చుక్క పెట్టి వదిలేయండి. మీ సిరా అంతా రెండు మూడు వాక్యాల మీద ఖర్చు చేయండి. ఏ పని ఎవరు చేశారో తెలియని చోట ‘ఎవరు?’ అని రాయండి. పిల్లల చేత ఆ వాక్యాలు పైకి చదివించి, నోటితో ఎలా చెబుతారో అడిగి, అలాగే రాయమనండి. తల్లిదండ్రులు కూడా పుస్తకంలో ఎర్ర సిరా ఎంత ఉందో లెక్కపెట్టకండి. అదే పేజీని మీ బిడ్డ రెండోసారి రాసిందా లేదా అని చూడండి. రాయకపోతే, ఎందుకు రాయించలేదని బడికి వెళ్లి అడగండి.