మూలమేది? మార్పేది?

ప్రాచీన గ్రంథములను పరిష్కరించువారిని ఎల్లకాలము వేధించు ప్రశ్న యొకటి కలదు. ఈ ప్రతిలో కవి వ్రాసినదెంత? లేఖకులు చేర్చినదెంత? చెదలు తిన్నచోట ఎవరో పూరించినదెంత? తాళపత్రముల నడుమ ఉండవలసిన ఈ ప్రశ్న నేడు మోటారు సైకిళ్ళ మరమ్మతు దుకాణముల ముంగిటికి వచ్చి కూర్చున్నది. అచ్చటినుండి ప్రభుత్వ నిబంధనలలోనికిని ప్రవేశించినది. కావున తెలుగు చెప్పుకొను అధ్యాపకుడు యంత్రములను గూర్చి నాలుగు మాటలు వ్రాయుట అనధికార ప్రసంగము కాదని పాఠకులు మన్నింతురు గాక.

2021 జూలైలో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ 1989 నాటి మోటారు వాహన నిబంధనలను సవరించి, పురాతన వాహనములకు ఒక ప్రత్యేక స్థానము కల్పించినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి ఏబదియేండ్లు దాటిన ద్విచక్ర వాహనములును, కార్లును ఈ తరగతిలో చేరును. రాష్ట్ర సంకేతము తరువాత 'వి.ఏ.' అను అక్షరములతో వీనికి వేరు సంఖ్యల వరుస ఏర్పడినది. క్రొత్త నమోదుకు 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుము. నమోదు పది సంవత్సరములు చెల్లును. అట్టి బండిని నిత్యప్రయాణమునకు గాని వ్యాపారమునకు గాని రోడ్డుపై నడపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతునకు, పెట్రోలు పోయించుకొనుటకు మాత్రము నడపవచ్చును.

ఇంతవరకు చిక్కు లేదు. చిక్కంతయు ఒక్క షరతులో నున్నది. బండి తన మూలరూపముననే ఉండవలెను. చట్రమునందు గాని, పైదేహమునందు గాని, ఇంజనునందు గాని మార్పుతో కూడిన పెద్ద మరమ్మతు జరిగియుండరాదు. వాక్యము చిన్నదే. కాని ఏబదియేండ్లు ఎండకు, వానకు, ధూళికి ఓర్చిన యంత్రమునకు మూలరూపమనగా నేమి? అది యున్నదని తేల్చుట యెట్లు?

ఈ ప్రశ్న ధనముతో ముడిపడియున్నది. 2018 జనవరిలో అమెరికాలోని లాస్ వేగస్ నగరమున, 1951లో తయారైన విన్సెంట్ బ్లాక్ లైట్నింగ్ మోటారు సైకిలు 9,29,000 డాలర్లకు వేలములో అమ్ముడుపోయినది. ఆ ధర అందలి ఇనుమునకు కాదు. 1953లో ఆస్ట్రేలియాలో వేగపు రికార్డు నెలకొల్పిన బండి అదియే యను నమ్మకమునకు. నమ్మకమునకు ధర ఏర్పడిన చోట నమ్మకమును తయారుచేసి అమ్మువారును ఏర్పడుదురు. మన యూళ్ళలో పశువుల కొట్టమున మూలబడియున్న తాతగారి బుల్లెట్టునకు అంత ధర రాకపోవచ్చును. కాని దానిని కొనుచున్న చిన్న జీతగానికి అతడు పెట్టు సొమ్ము తక్కువది కాదు. సంఖ్యలు చెరిపిన బండి దొంగసొత్తని తేలినచో, సొమ్ముతోపాటు పరువును పోలీసు ఠాణా గుమ్మములో విడువవలసి వచ్చును.

సాక్షి మాటను మాత్రమే నమ్మినచో ఏమగునో తెలుపుటకు ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ కలదు. 1969లో వెలువడిన 'ఈజీ రైడర్' అను అమెరికా చలనచిత్రమున పీటర్ ఫోండా ఎక్కిన బండికి 'కెప్టెన్ అమెరికా' అని పేరు. దాని పెట్రోలు ట్యాంకుపై ఆ దేశపు జెండా రంగులుండును. చిత్రము కొరకు అట్టివి రెండు కూర్చిరి. ఒకటి దొంగలపాలైనది. రెండవది చివరి దృశ్యమున ధ్వంసమైనది. దానిని నటుడు డాన్ హాగర్టీ తిరిగి కూర్చెనని చెప్పుదురు. 2014 అక్టోబరులో కాలిఫోర్నియాలో జరిగిన వేలమున ఆ పేరుగల బండి 13,50,000 డాలర్లు పలికినది. కాని టెక్సాసు రాష్ట్రమున వేరొకరి యొద్ద అదే పేరుగల బండి అప్పటికే యున్నది. దానికిని హాగర్టీ సంతకము చేసిన ధ్రువపత్రమే ఆధారము! రెండింటికిని తాను సంతకము చేసినట్లు ఆయన ఒప్పుకొనెను. మిగిలిన బండి ఒకటి, ధ్రువపత్రములు రెండు.

ఈ కథలో ఇంతకంటె లోతైన విషయము వేరొకటి యున్నది. ఆ బండ్లు మొదట పోలీసులు వాడి వేలము వేసిన సాధారణమైన హార్లే డేవిడ్సన్ బండ్లు. వానిని కోసి, సాగదీసి, క్రొత్త రూపమిచ్చిన శిల్పులు క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అను ఇరువురు నల్లజాతి పనివారు. చిత్రమున వారి పేర్లు వేయలేదు. అనగా, కార్ఖానా ఇచ్చిన మూలరూపమును చెరిపివేసిన మార్పే ఇచ్చట జగత్ప్రసిద్ధమైన మూలమైనది. ఆ మూలమును చేసిన చేతులు మాత్రము చాలకాలము లెక్కకు రాలేదు. కావున 'మూలము' అను మాటను పలుకుటకు ముందు, ఏ కాలపు మూలము, ఎవరి చేతి మూలము అని అడుగుట విధి.

సాక్షి సందిగ్ధమైనప్పుడు వస్తువునే అడుగవలెను. మోటారు సైకిలును మొదట అడుగవలసినది దాని సంఖ్యలను. ఇంజనుపై నొకటి, చట్రముపై నొకటి ఉండును. రెండును కలిసినచో అసలు, కలియకున్నచో నకిలీ యని లోకమున ఒక వాడుక కలదు. ఇది సగము తెలిసిన తెలివి. ఒక్కొక్క కార్ఖానాది ఒక్కొక్క వ్యాకరణము. ఇంజనును గేరుపెట్టెను ఒకే కూర్పుగా చేసిన తరువాతి ట్రయంఫ్ బండ్లపై రెండు సంఖ్యలును ఒక్కటిగా నుండును. 1950 ప్రాంతపు బి.ఎస్.ఎ. బండ్లలో అవి వేర్వేరు వరుసలకు చెందినవి; కలియకపోవుటయే అచ్చట సహజము. రెండు సిలిండర్ల విన్సెంటు బండ్లలో చట్రపు సంఖ్య ఇంజను సంఖ్యకంటె 1,900 అధికముగా నుండును. హార్లే డేవిడ్సన్ వారు 1969 వరకు ఇంజనుపైననే సంఖ్య వేసిరి. చట్రముపై వేయుట 1970 నమూనాలతో మొదలైనది. కాబట్టి 1950 నాటి హార్లే చట్రముపై ఇంజను సంఖ్యయే ముద్దుగా చెక్కబడి కనిపించినచో సంతోషింపరాదు, సందేహింపవలెను. ప్రతులన్నిటను చిక్కుగానున్న పద్యము ఒక్క ప్రతిలో నున్నగా నడచినప్పుడు పరిష్కర్త మెచ్చుకొనడు, కలము పట్టినదెవరని అడుగును. ఇచ్చట చేయవలసినదియు అదియే.

సంఖ్య ఏదో తెలిసిన తరువాత, అది ఎట్లు పడినదో చూడవలెను. ఆకురాయితో అరగదీసి తిరిగి కొట్టినచోట లోహము కొంత పల్లమగును; పోతపోసిన నాటి గరుకుతనము పోయి నున్నదనము వచ్చును. అంకెల ఆకృతియు, లోతును, ఎడమును అదే యేటి అసలు బండ్లతో పోల్చి చూడవలెను. ట్రయంఫ్ వారు 1969 నుండి సంఖ్య వేయుచోట తమ చిహ్నమును వరుసగా ముద్రించిరి. అంకెలను అరగదీసినచో చిహ్నములును అరుగును. హార్లే ఇంజను పెట్టె రెండు చెక్కలకును అడుగున జోడు సంఖ్యలుండును. అవి కలియకున్నచో ఆ రెండు చెక్కలు ఒకే ఇంజనువి కావు. బేరగాడు ట్యాంకుపై పేరు మార్చును గాని, బోల్టు విప్పి అడుగు చూపడు. ఇంటిపేరు కస్తూరివారైనంత మాత్రమున ఇల్లు పరిమళింపదు గదా!

తరువాతది కాలవిరోధము. తామ్రశాసనములలో కూటశాసనములను పట్టుకొనుటకు పండితులు లిపిని చూతురు. శాసనము చెప్పుకొను కాలముకంటె అక్షరములు తరువాతివైనచో గుట్టు బయటపడును. యంత్రమునకు విడిభాగములే లిపి. ఇంగ్లండు బండ్లలో విరివిగా వాడిన అమాల్ కార్బ్యురేటరులలో 'కాన్సెంట్రిక్' అను రకము 1967లో వచ్చినది. 1960 నాటి మూలరూపమని చెప్పు బండిపై అది యున్నచో, కనీసము ఆ భాగము తరువాతిదని నిశ్చయము. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. భాగము మారినంతనే బండి నకిలీ కాదు. తాళపత్రపు అంచున వేరు చేతివ్రాత కనిపించినచో గ్రంథమంతయు కల్పితమనము. ఇంతవరకు ఫలానావారిది, ఇది తరువాతిది అని గీత గీయుదుము. మారినదానిని మారలేదని చెప్పుటయే మోసము.

కడపటి సాక్ష్యము పత్రములది. ఇంగ్లండులో 1946లో స్థాపింపబడిన వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్బు, మూతబడిన పెక్కు కార్ఖానాల దస్త్రములను భద్రపరచినది. ఏ సంఖ్యగల బండి ఏ తేదీన వెలువడినది, ఏ వర్తకునికి పోయినది మొదలగు వివరములు వానియందు దొరకును. సి.పి. బ్రౌను ఒక్క ప్రతిని నమ్మక పలు ప్రతులను సేకరించి, పండితులచేత పోల్పించినందుననే మన కావ్యములు పెక్కు నిలిచినవి. దస్త్రమునకు ఆ విలువ కలదు. పాత దస్త్రములను చిత్తుకాగితముల క్రింద అమ్ముకొను అలవాటు మన కార్యాలయములలో మానవలసిన కారణములలో ఇది యొకటి.

మన దేశపు బండ్ల విషయమున మూలమను మాట మరింత విచిత్రముగా నడచినది. 1955లో ఇంగ్లండునందలి రెడ్డిచ్ కంపెనీ, మద్రాసు మోటార్సు కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించినవి. మద్రాసు శివారున తిరువొత్తియూరులో బుల్లెట్ తయారీ సాగినది. 1967లో రెడ్డిచ్ కార్ఖానా మూతబడినది. ఇంగ్లండులో వేరు ఎండిపోయిన పిమ్మటను మద్రాసు కొమ్మ చిగిర్చుచునే యుండెను. పాత నమూనాయే దశాబ్దముల తరబడి నడచినందున, తరువాతి కాలపు మద్రాసు బండికి రెడ్డిచ్ వేషము వేయుట కష్టము కాదు. అంతమాత్రమున మద్రాసు బుల్లెట్టు నకలు కాదు. మూలము లుప్తమైనపుడు గ్రంథమును బ్రతికించిన శాఖ వంటిది. దానిని దానిగా అమ్మినచో గౌరవము. 1985 నాటి బండిని 1955 నాటిదని అమ్మినచో అపరాధము. జావా సంగతియు ఇట్టిదే. చెకోస్లవేకియా జావాను అనుమతితో మైసూరులో ఐడియల్ జావా వారు 1961 నుండి తయారుచేసిరి. యెజ్డీ పేరును వారిదే. ఆ కార్ఖానా 1996లో మూతబడినది. 2018లో జావా పేరును, 2022లో యెజ్డీ పేరును వేరొక సంస్థ తిరిగి తెచ్చినది. పాత రూపమును తలపించు ఆ క్రొత్త బండ్లు తమ పుట్టినతేదీని దాచుకొనవు. తేదీని దాచని అనుకరణము దోషము కాదు.

ఇక నిబంధనకు వత్తము. మూలత్వము మూడు విధములు. ఒకటి పుట్టుక: ఈ చట్రము, ఈ ఇంజను చెప్పుకొను కార్ఖానాలో, చెప్పుకొను యేట పుట్టినవేనా? రెండవది రూపము: ఆనాటి నిర్మాణము ఇప్పటికి నిలిచియున్నదా? మూడవది ద్రవ్యము: ఆనాటి లోహము, ఆనాటి రంగు ఎంత మిగిలినది? నడచిన బండికి టైర్లు, తీగలు, పిస్టను రింగులు మారకతప్పదు. మూడవదానిని పూర్తిగా కోరినచో, నడువని బండి యొక్కటే పరీక్షలో నెగ్గును. మొదటిదానిని కోరకున్నచో ప్రతి దొంగబండియు నెగ్గును. మన నిబంధన 'పెద్ద మరమ్మతు' అను ఒక్క మాటతో ఈ మూటిని కలిపివేసినది. అరిగిన భాగమునకు అదే కొలతలో మరియొకటి వేసిన నిజాయితీపరుడు ఆ మాటకు భయపడి మరమ్మతును దాచును. సంఖ్యలు చెరిపినవాడు భయపడడు. అతని కాగితము లెప్పుడును శుభ్రముగానే యుండును. సత్యమును చెప్పినవానికి నష్టము, దాచినవానికి లాభము కలుగు నిబంధన ఎంత మంచి తలంపుతో పుట్టినను దిద్దుకొనవలసినదే.

కార్ఖానా వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చరాదని 2019 జనవరిలో సుప్రీముకోర్టు స్పష్టము చేసినది. అది న్యాయమే; రోడ్డుపై నడచువాని ప్రాణము దానితో ముడిపడియున్నది. కాని మార్చుట వేరు, ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుట వేరు. ఈ భేదమును బ్రిటను గుర్తించినది. అచ్చట 2025 ఆగస్టులో వచ్చిన సవరణ ప్రకారము, పాత భాగమునకు అట్టి భాగమే వేసి రూపము చెడకుండ బాగుచేసిన వాహనము తన పాత సంఖ్యను నిలుపుకొనును. నిర్మాణములో పెద్ద మార్పు చేసినవాడు మాత్రము తెలియజేయవలెను. పుట్టుక తేలని వాహనమునకు 'క్యూ' అక్షరముతో వేరు సంఖ్య ఇచ్చుట అచ్చట ఏనాటినుండియో ఉన్నది. తెలియనిదానిని తెలియనిదని వ్రాయుట కంటె నిజాయితీ మరి యేమున్నది?

మనమును ఈ బాటను నడువవచ్చును. పుట్టుక విషయమున కఠినముగా నుండవలెను. సంఖ్యలను కాగితముతో గాక కంటితో, భూతద్దముతో పరీక్షింపవలెను. మరమ్మతు విషయమున ఉదారముగా నుండి, ప్రతి మరమ్మతును తేదీతో వ్రాయించుకొనవలెను. మరమ్మతుల పట్టికగల బండికి ఆ పట్టిక కళంకము కాక చరిత్ర కావలెను. అప్పుడు పనివాని పేరును అందు నిలుచును.

ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలోని పిల్లలలో నొకని యింట పాత స్కూటరో బుల్లెట్టో తప్పక ఉండును. ఒక శనివారము దానిని బడి ఆవరణలోనికి తెప్పించి, చెట్టునీడన నిలిపి, రిజిస్ట్రేషను పుస్తకమును వారి చేతికిచ్చి, చెప్పినది ఉన్నదానితో కలియుచున్నదో లేదో చూడుడని అనండి. సంఖ్యను కాగితముపై పెన్సిలుతో రుద్ది తీయుట వారికి ఆట. ఏ భాగము మొదటిది, ఏది తరువాతిది, మీకెట్లు తెలిసినది అని అడుగుడు. 'మా నాయన చెప్పినాడు' అను సమాధానమునకును, 'ఇచ్చట అంకె అరిగినది' అను సమాధానమునకును గల భేదము ఆ గంటలో తెలిసిన పిల్లవాడు, రేపు వార్తను చదువునపుడును, చరిత్రను విన్నపుడును, ఓటు వేయునపుడును ఆ భేదమును మరువడు.