ప్రమాణము తరువాతి సాయంకాలము

చిత్తూరునకు అనతిదూరమున, బాహుదానదీతీరమున, బావిలో వెలసిన కాణిపాక వరసిద్ధివినాయకుని సన్నిధికి దొంగతనపు నిందలు, అప్పుల తగవులు, దాయాదుల వ్యాజ్యములు సత్యప్రమాణమునకై చేరుట తరతరములుగా సాగుచున్న ఆచారమే యైనను, వానితోపాటు ‘ఇక త్రాగను’ అని ఒట్టు పెట్టుకొనుటకు వచ్చెడి పురుషులును, వారి ప్రక్కన కొంగు నోటికడ్డము పెట్టుకొని నిలుచు భార్యలును అచ్చట కానవచ్చుచుందురు. ఆ ప్రమాణమును పరిహసించు విద్యావంతులతో నాకు పొత్తు కుదరదు. దేవుని యెదుట అబద్ధమాడ వెరచు మనుష్యునిలో ఇంకను చెడని దేదియో మిగిలియున్నదని నా నమ్మకము. మాల వేసికొన్న 41 దినములును చుక్క ముట్టని అయ్యప్ప భక్తుని ఎరుగని వీధి మన సీమలో లేదు. ఐతే ఆ దినములలో వానిని నిలబెట్టినది నియమ మొక్కటియే కాదు. తెల్లవారుజామున తనతోపాటు చన్నీటిస్నానము చేసి, సాయంకాలము తన ప్రక్కన కూర్చుండి భజన చేసి, తనను ‘స్వామీ’ యని పిలిచిన గుంపు. మాల తీసిననాడు గుంపు చెదరును. సాయంకాలము మాత్రము యథాప్రకారము వచ్చును. ఒట్టు పెట్టుకొన్నవానికి ఆ మరునాటి సాయంకాలమున కూర్చుండుటకు తగిన చోటొకటి వెదకి పెట్టవలెననునదే నా వాదము.

అంతకు ముందొక హెచ్చరిక. ఏండ్ల తరబడి ఉదయము మొదలు త్రాగువాడు ఒక్కపెట్టున మానినచో, రెండు మూడు దినములలో చేతులు వణకి, మూర్ఛలు వచ్చి, మతి తప్పి, ప్రాణాపాయమే కలుగవచ్చును. కావున వాని మొదటి మజిలీ అట్టి చోటు కాదు, వైద్యుడు. తిరుపతిలో రుయా ఆసుపత్రి మానసిక వైద్యులున్నారు. చిత్తూరువారికి వేలూరు సి.ఎం.సి.వారి బాగాయం చికిత్సాలయము అందుబాటు. భర్తకు తెలియకుండ అన్నములో కలుపుమని పొడులమ్మువారిని మాత్రము గడప త్రొక్కనీయరాదు: అందులో డైసల్ఫిరామ్ వంటి మందున్నచో, ఎరుగక త్రాగినవాని ప్రాణమునకే ముప్పు.

నేను వెదకుమన్న చోటు ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసమువారి సమావేశము. ఆ సహవాసము 1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున ఒక వాటాల వ్యాపారియు ఒక శస్త్రవైద్యుడును, ఇరువురును త్రాగుబోతులే, ఒకరి గోడు ఒకరు వినుటతో పుట్టినది; 1957లో మన దేశమున పాదుకొన్నది. రుసుము లేదు, హాజరుపట్టీ లేదు. మానవలెనను కోరిక యొక్కటియే ప్రవేశార్హత. ఒకడు తన పేరు చెప్పి, తాను త్రాగుబోతునని చెప్పి, తన కథ చెప్పును. తక్కినవారు అడ్డు తగులరు, బుద్ధి చెప్పరు. బుద్ధులు చెప్పుటలో మనవారికున్న ప్రావీణ్యము నెరిగినవారికి ఇది యెంత యపురూపమో వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను అన్ని సమావేశములును అందరికి సరిపడవు. పిల్లకు సంబంధము వెదకునప్పుడు చూపు శ్రద్ధలో సగమైనను ఇచ్చట చూపవలెను. మొదట భాష. మూడు రాష్ట్రముల ఎల్లలు కలియు ఈ సీమలో ఇంట తెలుగు మాటాడుచు వీధిలో తమిళము పలుకువారు, కుప్పము వైపున కన్నడము కలిపి మాటాడువారు కలరు. అవమానమును చెప్పుకొనుటకు ఇంటిలో ఏడ్చిన భాషయే కావలెను గాని, బజారులో బేరమాడిన భాష చాలదు. పిమ్మట వేళ: దుకాణము పిలుచు సంజవేళ కూడు సమావేశము, ఆదివారపు ఉదయపు సమావేశము కన్న క్రొత్తవానికి మేలు. దూరమును గూర్చి నా అభిప్రాయము లోకాభిప్రాయమునకు విరుద్ధము. దగ్గరిదే మంచిదందురు, కాని తన శిష్యుల తండ్రులు చూతురను భయముతో చిత్తూరులో గడప దాటలేని ఉపాధ్యాయుడు బస్సెక్కి వేలూరు పోయినచో దానిని పిరికితనమని నేననను. పరాయి యూరనైనను నోరు విప్పినవాడు, స్వంత యూర గుట్టుగా త్రాగువానికంటె ఎంతో ముందున్నాడు. చర్చి గదిలోనో, మిషను బడిలోనో కూడుచున్నారు గనుక మతము మార్తురేమో యని శంకించువారును కలరు. ఆ సహవాసమునకు ఏ మతముతోను పొత్తు లేదు, ఎవని దైవము వాని ఊహకు అందినంత, ఏడుకొండలవాడైనను సరియే.

ఒక్కసారి పోయి ‘నచ్చలేదు’ అని మానుట పరిపాటి. నచ్చలేదా, లేక గుచ్చుకొన్నదా యని తన్ను తాను అడిగి చూచుకొనవలెను. గుచ్చుకొన్నచో ఆ చోటికే మరల పోవలెను. ఒక్కడే గంటసేపు ఉపన్యసించినను, ప్రవేశమునకు సొమ్మడిగినను, వైద్యుడిచ్చిన మాత్రలు పారవేయుమన్నను వేరొకటి వెదకుట వివేకము.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారాయి, 1995లో మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము తొలగెను. నాటినుండి మన వాదములలో పెక్కు దుకాణము తెరచుటను, మూయుటను గూర్చినవే. దుకాణము వదలినవాడు ఎచ్చటికి పోవలెనను చింత కొందరికే పట్టినది. 2019లో కేంద్రప్రభుత్వము వెలువరించిన సర్వేలో, మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కడే యేదో యొక చికిత్స పొందినట్లు తేలినది. కాణిపాక దేవస్థానమువారు ప్రమాణము జరుగు చోట, సమీపమున జరుగు సమావేశముల వేళలును, 14446 అను సహాయవాణి సంఖ్యయు తెలుపు ఫలకమొకటి నిలిపినచో అయ్యెడి వ్యయమెంత? తిరుమల తిరుపతి దేవస్థానముల కల్యాణమండపములలో ముహూర్తములు లేని సాయంకాలము లెన్ని లేవు? ఉచితముగా నిచ్చినను ఆ సహవాసమువారు పుచ్చుకొనరు, బయటివారి విరాళము కూడదని వారి నియమము; చిన్న అద్దె తీసికొని గది యిచ్చిన చాలును. ఇచ్చునప్పుడు రెండు గదు లిచ్చుట మేలు: త్రాగువారి ఇంటివారికై 1951లో అమెరికాలోనే రూపుదిద్దుకొన్న అల్-అనాన్ సమావేశమునకు రెండవది. భర్త ఇంకను త్రాగుచున్నను భార్య దానికి పోవచ్చును.