సారథ్యమునకు కావలసిన దేమి?

పాశ్చాత్య సంగీతసభలో వేదికపై దాదాపు నూర్గురు వాద్యకారులు కూర్చుందురు. వయొలిన్లు, వేణువులు, బాకాలు, భేరులు వేర్వేరు స్వరములను పలుకుచుండును. వారి యెదుట, శ్రోతలకు వీపు చూపి, ఒక సన్నని కఱ్ఱను చేతబట్టి నిలుచు వ్యక్తియే వాద్యబృంద సారథి. సారథి తాను ఒక్క స్వరమైనను పలికింపడు. కాని ఎవ రెప్పుడు ఆరంభింపవలయునో, ఎంత వేగముగా, ఎంత మెల్లగా వాయింపవలయునో నిర్ణయించు భారమంతయు సారథిదే.

ఈ పని పురుషులకే తగునని ఐరోపా, అమెరికా ఖండములలో పలువురు చిరకాలము నమ్మిరి. నూర్గురిని శాసించు గాంభీర్యము స్త్రీకి లేదని కొందఱు, ఆమెకు అనుభవము చాలదని మఱికొందఱు వాదించిరి. మొదటి వాదము విచారణకు నిలువదు. ఆ కఱ్ఱ బరువు కొన్ని గ్రాములే. దాని నాడించుటకు కావలసినది బాహుబలము కాదు. ప్రతి వాద్యము పలుకవలసిన స్వరముల నన్నిటిని ముందే ఎఱిగిన జ్ఞానము.

రెండవ వాదము మాత్రము పరిశీలింపదగినది. వయొలిన్ నేర్చు బాలిక తన యింట ఒంటరిగా సాధన చేసికొనగలదు. సారథికి వాద్యమన్ననో, నూర్గురు మనుష్యులు! వారిని ఎదుట నిలిపిననే గాని ఆ విద్య పట్టుపడదు. నీటిలో దిగనీయక, ఈత రాదని నిందించుట న్యాయమగునా?

అంటోనియా బ్రీకో చరిత్రము ఇందులకు నిదర్శనము. 1902లో హాలండు దేశమున జన్మించి అమెరికాలో పెరిగిన ఈమె బెర్లిన్ నగరమున సారథ్యవిద్య నభ్యసించి, 1930లో అచ్చటి ఫిల్హార్మోనిక్ బృందమును నడపెను. 1938లో న్యూయార్కు ఫిల్హార్మోనిక్ బృందమునకు సారథ్యము వహించిన తొలి మహిళ యయ్యెను. అయినను ఏ గొప్ప బృందమును ఆమెకు స్థిరమైన పదవి నీయలేదు. పిమ్మట డెన్వరు నగరమున ఒక చిన్న బృందమును నడపుచు, సంగీతపాఠములు చెప్పుచు పెక్కేండ్లు గడపెను. ఆమె జీవితమును గూర్చిన చలనచిత్రము 1974లో వెలువడిన పిదప పెద్ద వేదికలు ఆమెను మరల ఆహ్వానించెను. అప్పటి కామెకు డెబ్బది రెండేండ్లు. కోల్పోయిన నడివయస్సును ఆ పిలుపులు తిరిగి తేజాలవు.

1970 ప్రాంతమునుండి అమెరికాలోని పెక్కు బృందములు వాద్యకారులను తెరచాటున వాయింపజేసి ఎన్నుకొనసాగినవి. అందుచే స్త్రీలకు మేలు కలిగెను. కాని సారథిని తెరచాటున నిలుపుట సాధ్యము కాదు. అచ్చట చూచువారి మనస్సే మారవలయును.

ఆ మార్పు అసాధ్యము కాదు. 2005లో బాల్టిమోర్ బృందమునకు మేరిన్ ఆల్సప్‌ను సంగీతదర్శకురాలిగా ఎన్నుకొన్నపుడు, ఎంపికను తొందరగా ముగించిరని వాద్యకారులు పలువురు అభ్యంతరము చెప్పిరి. ఆమె వారితో ముఖాముఖి మాటలాడి, 2007లో పదవి చేపట్టి, 2021 వఱకు నిర్వహించెను. అంతకుమున్నే, 2002లో, యువతులు సారథ్యమునందు శిక్షణము పొందుటకై ఒక వేతనమును నెలకొల్పెను. తనకు దొరికిన అవకాశముతో తృప్తిపడక, వెనుక వచ్చువారికి త్రోవ చేయుట ఆమె గొప్పతనము.

స్త్రీ యైనంత మాత్రమున పదవి నిచ్చుట న్యాయము కాదు. స్త్రీ యైనంత మాత్రమున సాధనకే తావీయకుండుట అంతకంటె అన్యాయము. ముందు కఱ్ఱను చేతికిచ్చి, పిదప చెవితో విని తీర్పు చెప్పుటయే ధర్మము.